కడగని బొమ్మ

లోగడ ఫోటోలు తీయటం వచ్చినవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టేవారు. ఇప్పుడు రానివాళ్ళను లెక్కపెట్టాలి. జేబులో ఫోను వున్న ప్రతి మనిషీ ఫోటోగ్రాఫరే. కాని ఇంతమంది ఫోటోగ్రాఫర్లు పుట్టుకొచ్చాక ఒక మాట మాత్రం మన వాడుకలోంచి జారిపోయింది. అది "కడగటం". ఫిల్ము రోజుల్లో ఎవరైనా ఫోటో తీస్తే, తీయించుకున్నవాళ్ళు అడిగే మొదటి ప్రశ్న "ఎప్పుడు కడిగిస్తావు?" అనే. పెళ్ళయిన పదిహేను రోజులదాకా ఇంటిల్లిపాదీ ఆ ప్రశ్నతోనే బతికేవారు. కడగటమంటే చీకటి గదిలో ఫిల్మును మందునీళ్ళలో ముంచి, ఆరవేసి, దానిమీంచి కాగితంమీదికి ప్రింటు వేయటం. ఈ రోజుల్లో ఎవరూ ఏమీ కడిగించటం లేదు గనక కడగటమనే పనే లోకంలో లేకుండా పోయిందని చాలామంది అనుకుంటున్నారు.

అది పొరపాటు. మీరు మీట నొక్కీ నొక్కగానే కెమేరా లోపల బొమ్మ కడిగెయ్యబడుతోంది. మనం చూసేది కడిగిన బొమ్మే. ఎవరు కడుగుతున్నారు, ఎవరి ఇష్టప్రకారం కడుగుతున్నారు అన్నదే ఈ వారం నేను చెప్పదలుచుకున్న సంగతి.

కాస్త మంచి కెమేరా కొన్నవాళ్ళు దాని అమరికలు తిరగేస్తే అందులో "రా" అని ఒకటి కనిపిస్తుంది. అది ఎవరినీ రమ్మని పిలవటం కాదు. ఇంగ్లీషులో ఆ మాటకు పచ్చిది, వండనిది అని అర్థం. దాని పక్కన జేపెగ్ అని మరొకటి వుంటుంది. కెమేరా కొన్ననాడు దుకాణంవాడు జేపెగ్‌లోనే పెట్టి ఇస్తాడు. నూటికి తొంభైమంది జన్మలో దాన్ని మార్చరు. మార్చకపోతే కొంప మునగదు. కాని ఆ రెంటికీ వున్న తేడా తెలుసుకోవటం మంచిది.

పూర్వం కెమేరాలో ఫిల్ము వుండే చోట ఇప్పుడు సెన్సరు అనే పలక వుంటుంది. దానిమీద కోట్లకొద్దీ సూక్ష్మమైన గుంటలుంటాయి. 24 మెగాపిక్సెళ్ళ కెమేరా అంటే రెండు కోట్ల నలభై లక్షల గుంటలన్నమాట. తనలో ఎంత వెలుతురు పడిందో కొలిచి ఒక అంకె చెప్పటం తప్ప గుంటకు మరేమీ తెలీదు. రంగు సుతరామూ తెలీదు. అంచేత ఒక్కొక్క గుంటమీద ఒక్కొక్క రంగు పొర అమర్చారు. గళ్ళచీర నేసినట్టు ఒక వరసలో ఎరుపూ ఆకుపచ్చా, కింది వరసలో ఆకుపచ్చా నీలమూ వస్తాయి. ప్రతి నాలుగు గుంటలకూ రెండు ఆకుపచ్చవి, ఎందుకంటే మన కన్ను సన్నని వివరాలను ఎక్కువగా ఆకుపచ్చ వెలుతురులోనే పట్టుకుంటుంది. ఈ నేత కనిపెట్టింది కోడక్ కంపెనీలో పనిచేసిన బ్రైస్ బేయర్ అనే ఆయన. 1976లో దానికి పేటెంటు వచ్చింది. ఈనాటికీ చాలా కెమేరాల్లో, ఫోన్లలో వున్నది ఆయన గళ్ళే, లేదా వాటి పిల్లలు.

రా ఫైలు అంటే ఆ గుంటలన్నీ చెప్పిన అంకెల చిట్టా. అది ఇంకా బొమ్మ కాదు. ఎర్ర గుంటకు ఎరుపు తెలుసుగాని పక్కనున్న నీలం తెలీదు. చుట్టుపక్కలవాళ్ళను విచారించి ఒక్కొక్క గుంటకూ లేని రెండు రంగులూ ఊహించి పూరించాలి. ఏది తెలుపో నిర్ణయించాలి. నలుపును ఎంత చిక్కగా వుంచాలో, అంచులు ఎంత పదునుగా వుండాలో, చర్మం ఎంత నున్నగా వుండాలో నిర్ణయించాలి. ఇవన్నీ కెమేరాయే చేసేసి, అక్కరలేదనుకున్నది పారేసి, మిగిలినదాన్ని అణిచి కట్టగట్టి మీ చేతికిచ్చేది జేపెగ్. ఈ పద్ధతికి 1992లో ప్రమాణం ఏర్పరిచారు. చిన్న ఫైలులో పెద్ద బొమ్మ పడుతుంది. ఎక్కడికైనా చప్పున పంపవచ్చు. నిజానికి ఇది చాలా గొప్ప సాధనం. దాన్ని నేను తక్కువ చెయ్యటం లేదు.

అయితే పారేసింది ఎంతో కూడా తెలియాలి. జేపెగ్‌లో ఒక్కొక్క రంగుకు చీకటినుంచి వెలుతురుదాకా 256 మెట్లుంటాయి. మామూలు కెమేరా రా ఫైలులో 4,096 గాని, 16,384 గాని వుంటాయి. రెండూ ఒకే కొలబద్దతో గీసిన మెట్లు కావు గనక ఇన్ని రెట్లు మేలని చెప్పటానికి లేదు. కాని వంటింటి భాషలో చెప్పాలంటే రా బియ్యం, జేపెగ్ పులిహోర. బియ్యంతో పులిహోర చేసుకోవచ్చు, పొంగలి చేసుకోవచ్చు, పిండి కొట్టి అరిసెలు వండుకోవచ్చు. పులిహోర ఎంత బాగున్నా దాన్ని పరమాన్నంగా మార్చటం ఏ ఇల్లాలివల్లా కాదు.

ఇంతకూ కెమేరా ఎవరి రుచి ప్రకారం వండుతోంది? ఎక్కడో ఒక కార్ఖానాలో ఇంజనీర్లు కూచుని, ఆకాశం ఇంత నీలంగా వుంటే జనానికి నచ్చుతుంది, మొహం ఇంత తెలుపుంటే నచ్చుతుంది అని ముందే ఖాయంచేసి పెట్టారు. వాళ్ళు దుర్మార్గులు కారు. కాని వాళ్ళు మీ ఇంటికి రాలేదు, మీ పిల్లను చూడలేదు.

ఇది ఇవాళ కొత్తగా వచ్చిన గొడవ కాదు. రంగు ఫిల్ము రోజుల్లో కోడక్ కంపెనీ ప్రింట్లు వేసే లాబరేటరీలకు ఒక నమూనా కార్డు పంపేది. దానిమీద ఒక తెల్లజాతి యువతి బొమ్మ వుండేది. మొదట కూచున్న అమ్మాయి పేరునుబట్టి వాటికి షర్లీ కార్డులని పేరు వచ్చింది. ఆ అమ్మాయి చర్మం సరిగా వస్తే యంత్రం సరిగా వున్నట్టు లెక్క. నల్లవాళ్ళ మొహాల్లో కళ్ళూ పళ్ళూ తప్ప మరేమీ రాకపోయినా చాలాకాలం ఎవరూ పట్టించుకోలేదు. చాకొలెట్లు అమ్మేవాళ్ళూ, చెక్క సామాను అమ్మేవాళ్ళూ తమ సరుకు ఛాయల్లో తేడా కనిపించటం లేదని మొరపెట్టుకున్నాక ఫిల్ములో ముదురు ఛాయలు బాగుపడ్డాయని ఆ కంపెనీలో పనిచేసినవాళ్ళే తరవాత చెప్పారు. మనిషికి లేని పలుకుబడి బల్లకూ కుర్చీకీ వుంది కాబోలు!

మన స్టూడియోలు మాత్రం తక్కువ తిన్నాయా? సన్నగా చెక్కిన పెన్సిలుతో నెగటివుమీద మొహం వున్నచోట గీతలు దిద్దేవారు. నెగటివులో నలుపు ప్రింటులో తెలుపు అవుతుంది గనక, ఎంత దిద్దితే అంత తెల్లని మొహం. మన ఇళ్ళ గోడలమీద వేలాడుతున్న తాతమ్మల్లో కొందరి రంగు ఆ పెన్సిలు చలవే.

ఇక అసలు విషయానికి వస్తాను. నిరుడు మా అక్కయ్య పెద్దకూతురి పెళ్ళి జరిగింది. పిల్ల నలుపు. చామనఛాయ అని బంధువులు మర్యాదకు అంటారుగాని, నలుపే. కళగల మొహం, నవ్వితే ఇల్లంతా తెలుస్తుంది. ముహూర్తం రాత్రిపూట. స్టూడియోవాళ్ళు ముగ్గురు కుర్రాళ్ళనూ, ఆకాశంలో ఎగిరే కెమేరానూ తెచ్చారు. నేను నా కెమేరాతో పురోహితుడి వెనక నిలబడ్డాను. ఆయన నావంక రెండుసార్లు కళ్ళెర్రజేశాడు.

మధుపర్కాలు కట్టుకుని పిల్ల పీటలమీద కూచుంది. తెల్లని నూలుబట్ట, ఎర్ర అంచు. పైన కళ్ళు చెదిరే దీపాలు. నల్లని మొహం, దానికి జానెడు దూరంలో తెల్లని బట్ట. ఫోటోలు తీసేవాడికి ఇంతకంటే కఠినమైన పరీక్ష వుండదు. మొహానికి సరిపడా వెలుతురు ఇస్తే బట్ట కాగితంలా తెల్లబోయి పోగూ నేతా కనిపించవు. బట్టకు సరిపడా ఇస్తే మొహం నీడలో కలిసిపోతుంది. నేను బట్ట మాడిపోకుండా చూసుకుని, రాలో తీసుకుంటూ పోయాను.

నెల తిరక్కుండా స్టూడియో ఆల్బం వచ్చింది. ఒక్కరు ఎత్తలేనంత బరువుంది. అందరం చుట్టూ మూగాం. మా అమ్మ కళ్ళజోడు సవరించుకుని మొదటి పేజీ పరకాయించి చూసి, "ఈ పిల్లెవరే? మగపెళ్ళివారి తాలూకా?" అని అడిగింది.

ఎవరికీ నవ్వు రాలేదు. పెళ్ళికూతురు మొహానికి సున్నం కొట్టినట్టుంది. ముక్కుపుడకనుబట్టీ, జడనుబట్టీ గుర్తుపట్టాలి. మా మేనకోడలు నాలుగు పేజీలు తిప్పి, ఏమీ అనకుండా మూసేసింది. అక్కయ్యకు మాత్రం ఆల్బం నచ్చింది. తరవాత నేను ఆ స్టూడియో ఆసామిని కదిలిస్తే, "పెళ్ళికూతుర్ని తెల్లగా చెయ్యకపోతే బాకీ ఇవ్వరండీ! నలుపు నలుపుగా ఇచ్చినందుకు ఒకరు ఆల్బం తిప్పి పంపించేశారు," అన్నాడు. అతను అబద్ధమాడి వుండడు. అడిగింది వండి వడ్డించటం అతని వృత్తి.

ఆ సాయంత్రం మేనకోడలు మా ఇంటికొచ్చింది. "మావయ్యా, నువ్వు తీసినవి వున్నాయిగా, చూపించు," అంది.

కంప్యూటరులో రా ఫైలు తెరిచాను. చూసి ఆ పిల్ల, "ఇంతేనా?" అంది. పచ్చి బొమ్మ తెరవగానే అంతే వుంటుంది. వెలిసిపోయి, చప్పగా, ఉప్పు వెయ్యని పప్పులా వుంటుంది. చాలామంది ఔత్సాహికులు ఒకసారి రాలో తీసి, ఇంటికొచ్చి ఇది చూసి, మళ్ళీ జేపెగ్‌కు పారిపోయేది ఇక్కడే. కెమేరా వెనక తెరమీద చూసినప్పుడు బాగానే వుందిగదా అంటారు. వెనక తెరమీద చూపించేది రా కాదు. రా ఫైలుతోపాటు కెమేరా తన రుచి ప్రకారం వండి లోపల దాచిన చిన్న జేపెగ్. ఆ తెరమీద వెలుతురు పాళ్ళు చూపే గీతల పటం కూడా సాధారణంగా ఆ చిన్న బొమ్మదే. అంచేత అది బట్ట మాడిపోయిందని చూపించినా, అసలు చిట్టాలో ఇంకా కొంత మిగిలే వుండవచ్చు.

మొదట తెలుపు ఏదో చెప్పాలి. కల్యాణమంటపంలో దీపాల వెలుగు పసుపు. మన కన్ను దాన్ని తనంతట తనే సవరించుకుంటుంది, సెన్సరు సవరించుకోదు. జేపెగ్‌లో కెమేరా ఒక అంచనా వేసి ఆ రంగును బొమ్మలో కలిపేస్తుంది. రాలో ఆ అంచనా పక్కన రాసిపెట్టిన చీటీ మాత్రమే. చీటీ చింపేసి వేరే రాసుకోవచ్చు, అంకెలు చెడవు. నేను పురోహితుడి పంచె చూపించి ఇదీ తెలుపు అని చెప్పాను. మంటపమంతా పసుపు వదిలింది. మరీ వదిలితే పెళ్ళి ఆస్పత్రిలో జరిగినట్టు వుంటుంది గనక కాస్త పసుపు వెనక్కి తెచ్చాను. తరవాత వెలుతురు ఎక్కువైన చోట తగ్గించాను. మధుపర్కంలో మడతలు వచ్చాయి, ఎర్ర అంచు ఎర్రగా వచ్చింది, భుజంమీద పడ్డ తలంబ్రాల గింజలు ఒక్కొక్కటీ వచ్చాయి. ఆపైన నీడలో వున్న మొహాన్ని మెల్లిగా పైకి తెస్తున్నాను.

పిల్ల తన చెయ్యి చాపి తెర పక్కన పెట్టింది. చేతినీ, బొమ్మలో మొహాన్నీ మార్చిమార్చి చూసింది. ఉన్నట్టుండి "చాలు మావయ్యా, అక్కడ ఆపు," అంది.

అప్పుడు తెరమీద వున్నది మా పిల్ల.

ఈ పని జేపెగ్‌తో చెయ్యలేమా అంటే, కొంతవరకు చెయ్యగలం. కాని ఒకసారి 255 అనే చివరి మెట్టెక్కి తెల్లబోయిన బట్టను ఎంత దించినా బూడిదరంగు వస్తుందిగాని నేత రాదు. కెమేరా నీడలో కలిపేసిన మొహాన్ని పైకి లాగితే మచ్చలూ గళ్ళూ బయటపడతాయి. అణిచిన బొమ్మను మార్చి మళ్ళీ మళ్ళీ భద్రపరిస్తే ప్రతిసారీ మరికొంత పోతుంది. రా ఫైలును కడిగే ప్రోగ్రాములు అసలు చిట్టా జోలికి పోవు. ఏమేం మార్చామో పక్కన ఒక పట్టీ రాసుకుంటాయి. పదేళ్ళ తరవాత మనసు మారితే మొదటినుంచి మళ్ళీ కడగవచ్చు.

ఇంతవరకూ విని, రా అంటే నిజం, జేపెగ్ అంటే అబద్ధం అనుకునేరు. అలా అనుకున్న పెద్దవాళ్ళు కూడా ఒకరితో ఒకరు ఏకీభవించలేదు. వరల్డ్ ప్రెస్ ఫోటో అని పత్రికా ఛాయాచిత్రాలకు ప్రపంచంలో పేరుపొందిన పోటీ ఒకటుంది. చివరి దశకు వచ్చిన బొమ్మలకు వాళ్ళు కెమేరాలోంచి వచ్చిన అసలు ఫైళ్ళు తెప్పించుకుని పోల్చిచూస్తారు. 2015 పోటీలో చివరి అంచె ముందుదాకా వచ్చిన బొమ్మల్లో సుమారు ఐదో వంతు ఈ పరీక్షలో పోయాయి. అదే సంవత్సరం నవంబరులో రాయిటర్స్ వార్తాసంస్థ, బయటినుంచి బొమ్మలు పంపే ఫోటోగ్రాఫర్లకు రాలోంచి కడిగిన బొమ్మలు పంపవద్దనీ, కెమేరా ఇచ్చిన జేపెగ్‌లే పంపమనీ చెప్పింది. వార్త ఆలస్యం కాకూడదన్నది ఒక కారణం, చేతివాటానికి అవకాశం తగ్గించాలన్నది మరొకటి. ఒకరు నిజంకోసం రా అడిగారు, మరొకరు నిజంకోసమే రా వద్దన్నారు. ఇద్దరి మాటలోనూ న్యాయం వుంది. చెయ్యి తిరిగినవాడికి రా ఫైలులో మనిషి రంగు మార్చటం జేపెగ్‌లో కంటే సులువు. బియ్యం చేతిలో వున్నవాడు ఏదైనా వండగలడు.

ఈ సంగతి మా అక్కయ్య ఎవరూ చెప్పకుండానే గ్రహించింది. దాని రెండో కూతురు పెళ్ళికుంది. ఆ పిల్లకూ అక్క రంగే. ఫోటో నన్నే తీయమంది. తీశాను. "ఒక్క పిసరు రంగు తేల్చరా తమ్ముడూ. నీ చేతిలో పనేగా! చూడటానికి వచ్చినవాళ్ళు ఎలాగూ చూస్తారు, ముందు గుమ్మం దాటి రావాలిగదా," అంది. అది పిల్లమీద ప్రేమ లేక అన్నమాట కాదు. గుమ్మం దాటి రానివాళ్ళను అది ముగ్గుర్ని చూసింది. నేను పిల్లనే అడిగాను. పిల్ల వద్దంది. ఉన్నదున్నట్టే కడిగి ఇచ్చాను. సంబంధాలు వస్తున్నాయి, పోతున్నాయి. అక్కయ్య నాతో మాట్లాడుతూనే వుందిగాని కాఫీ మునుపటంత వేడిగా ఇవ్వటం లేదు.

రాను కంప్యూటరు యుగపు నెగటివు అంటారు. అందులో చాలా నిజం వుంది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే మహా ఛాయాచిత్రకారుడు వుండేవాడు. మొదట్లో పియానో వాయించటం నేర్చుకున్నవాడు గనక, నెగటివు స్వరపరిచిన కృతి అనీ, ప్రింటు దాన్ని పాడే కచేరీ అనీ పోల్చి చెప్పేవాడు. హెర్నాండెజ్ అనే పల్లెమీద చంద్రుడు ఉదయిస్తున్న బొమ్మ ఆయన 1941లో తీశాడు. ఒకే ఒక నెగటివునుంచి కొన్ని దశాబ్దాలపాటు వెయ్యికి పైగా ప్రింట్లు వేశాడు. తొలి ప్రింట్లలో లేతగా వున్న ఆకాశం ముసలితనంలో వేసినవాటిలో దాదాపు కాటుకలా వుంటుంది. త్యాగరాజ కృతి ఒకటే, ఒకే విద్వాంసుడు ఇరవయ్యో ఏట పాడినట్టు అరవయ్యో ఏట పాడడుగదా.

మన హైదరాబాదులో నిజాం ఆస్థాన ఛాయాచిత్రకారుడు రాజా దీనదయాళ్ 1905లో చనిపోయాడు. ఆయన గాజుపలకల నెగటివులు 2,857 ఢిల్లీలో ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంవారి దగ్గర వున్నాయి. ఆయన వేసిన ప్రింటు వెలిసిపోయినా, గాజుపలక నిలిచివుంటే ఆనాటి దర్బారునూ, వేటనూ ఇవాళ కొత్తగా ప్రింటు వేసుకోవచ్చు. మన ఇళ్ళలో అలాంటి నెగటివులు ఎన్ని పారేశామో తలుచుకుంటే ప్రాణం ఉసూరుమంటుంది. ప్రింటు వచ్చిందిగదా, ఈ నల్లరేకులెందుకని చెత్తబుట్టలో వేసిన ఇళ్ళు నాకు చాలా తెలుసు.

అలాగని రోజూ రాలోనే తీయమని నేను సలహా ఇవ్వను. పిల్లవాడు మామిడిపండు తింటూ మొహమంతా పూసుకున్నాడు, తాతగారికి పంపాలి. దానికి రా ఎందుకు? ఎండలో తీసిన తిరపతి యాత్ర ఫోటోలకు కెమేరా వంటే కమ్మగా వుంటుంది. ఖర్చుకూడా ఆలోచించాలి. 24 మెగాపిక్సెళ్ళ కెమేరాలో జేపెగ్ సుమారు పది మెగాబైట్లుంటే రా ఇరవైఐదు, ముప్ఫై వుంటుంది. ధనం సంగతి అలా వుంచి కాలం చూడండి. పెళ్ళిలో పదిహేనువందల బొమ్మలు తీసి, ఒక్కొక్కటి రెండు నిమిషాల్లో కడిగినా యాభై గంటలవుతుంది. ఉద్యోగస్థుడికి అది నెలరోజుల ఆదివారాలు. నేను పదిహేనువందల్లో అరవై ఏరుకుని అవే కడుగుతాను. ఏరటం అసలు కష్టం. కడగటం దానిముందు ఎంత!

రా చెయ్యలేని పనులూ వున్నాయి. చెయ్యి వణికి అలుక్కుపోయిన బొమ్మను అది నిలబెట్టదు. మొహం బదులు వెనకనున్న అరటిబోదెమీద కుదిరిన స్పష్టతను మొహంమీదికి తేలేదు. గుంట నిండి పొర్లిపోయాక అక్కడ ఏముందో చెప్పటం రావల్ల కూడా కాదు. ఈమధ్య పెళ్ళిళ్ళలో పెట్టే ఊదా, ఎరుపు ఎల్‌ఈడీ దీపాల కింద తీస్తే ఒక్క రంగు గుంటలే నిండిపోయి తక్కినవి ఖాళీగా వుంటాయి. దానికి మందు లేదు, ఆ దీపం ఆర్పించటం తప్ప. ఇంకొక మాట. రాలో తీస్తున్నాంగదా, తరవాత పెంచుకోవచ్చునని చీకటిగా తీయవద్దు. 16,384 మెట్లలో సగం, అంటే 8,192, బాగా వెలుతురున్న ఒక్క స్టాపుకే పోతాయి. దాని కిందిదానికి 4,096, ఆ కిందిదానికి 2,048. చీకటి కొసకు వచ్చేసరికి మిగిలేవి గుప్పెడు మెట్లు. అక్కడినుంచి మొహాన్ని పైకి లాగితే దానితోపాటు ఇసుక చల్లినట్టు చుక్కలు కూడా వస్తాయి. తెల్లబట్ట మాడనంతవరకూ వెలుతురు ధారాళంగానే ఇవ్వాలి.

కొత్తగా మొదలుపెట్టేవాళ్ళకు నా సలహా ఒకటే. చాలా కెమేరాల్లో రా, జేపెగ్ రెండూ ఒకేసారి తీసే ఏర్పాటుంది. అది పెట్టుకోండి. జేపెగ్‌లు ఆ రాత్రికే చుట్టాలకు పంపెయ్యవచ్చు. ఈ కాలంలో పదిహేను రోజులు ఆగే చుట్టం ఎక్కడా లేడు. రాలను తాపీగా చూసుకోండి. కడగటానికి డబ్బుపోసి ప్రోగ్రాములు కొననక్కరలేదు. డార్క్‌టేబుల్ అనీ, రాథెరపీ అనీ రెండు వున్నాయి. పైసా ఇవ్వకుండా ఎవరైనా వాడుకోవచ్చు. మొదటి వారం చిరాకు పుడుతుంది. నెల తరవాత భోజనానికి పిలిచినా లేవరు.

కెమేరా కంపెనీలు తలా ఒక రకం రా పెట్టాయి. కానన్‌వారిది ఒకటి, నైకాన్‌వారిది ఒకటి, సోనీవారిది ఒకటి. ముప్ఫై ఏళ్ళ తరవాత వీటిని తెరిచే సాధనం వుంటుందా అని భయపడి అడోబీవారు 2004లో డీఎన్‌జీ అని అందరికీ పనికొచ్చే పద్ధతి ఒకటి తెచ్చారు. కొందరు దానిలోకి మార్చి దాచుకుంటారు. నేను ముఖ్యమైనవి రెండు డిస్కుల్లో పెట్టి, ఒకటి మా బీరువాలోనూ, ఒకటి అక్కయ్య బీరువాలోనూ పట్టుచీరల కింద వుంచుతాను. ఒక ఇంట్లో నీళ్ళు చేరినా రెండో ఇంట్లో వుంటాయి. బాగా కావలసిన నాలుగూ కాగితంమీద ప్రింటు కూడా వేయిస్తాను.

ఇక ఫోనుతోనే తీసేవాళ్ళ సంగతి. ఆండ్రాయిడ్ ఫోన్లకు 2014 నుంచీ, ఐఫోన్లకు 2016 నుంచీ రా తీసే సౌకర్యం వచ్చింది. అయితే ఫోనులో సెన్సరు చిన్నది. అది ఒక్క మీట నొక్కుకు చాలా బొమ్మలు తీసి, కలిపి, ఒకటిగా చేసి చూపిస్తుంది. ఒక్క బొమ్మ రాగా తీస్తే ఆ లాభం పోతుంది. ఆపిల్‌వారు 2020లో ప్రోరా అని ఒకటి తెచ్చారు. అది కలపటమంతా అయ్యాక ఇచ్చే సగం వండిన సరుకు, ఉప్మాకు వేయించి వుంచిన రవ్వ లాంటిది. ఫోనుదారులకు ఇవేవీ అక్కరలేదనుకుంటే, కనీసం ఒక్క పని చెయ్యండి. ఫోను కెమేరాలో బ్యూటీ అని ఒక మీట వుంటుంది. చర్మం నున్నగా చేసి రంగు తేల్చటం దాని పని. కొన్ని ఫోన్లలో కొన్ననాటినుంచే అది వేసి వుంటుంది, మనకు తెలియను కూడా తెలీదు. మా ఇంట్లో అయిదు ఫోన్లున్నాయి. క్రితం ఆదివారం కూచుని అయిదింటిలోనూ ఆ మీట ఆపేశాను. మంగళవారానికల్లా ఒకదాంట్లో మళ్ళీ వెలిగింది. ఎవరు వేశారో ఇంతవరకూ తేలలేదు.